మెఫీబోషెతు జీవితం, పేరు అర్థం: వచనాలు పోగుచేయడం నుంచి పాఠం చెప్పేదాకా

"మెఫీబోషెతు అంటే అర్థం ఏంటండీ, ఒక్క ముక్కలో చెప్పండి" అని చాలామంది అడుగుతున్నారు. మెఫీబోషెతు బైబిల్లో దావీదు కంటే ముందు రాజైన సౌలుకి మనవడు, దావీదు స్నేహితుడు యోనాతానుకి కొడుకు. అడిగేవాళ్లలో సండే స్కూల్ టీచర్లున్నారు, యూత్ మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడమంటే టెన్షన్ పడుతున్నవాళ్లున్నారు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ చెప్పగానే చాలామంది ఆ ముక్కనే పట్టుకుని, మనిషి జీవితాన్నంతా దానికి అతికించేస్తారు. అందుకే ఇక్కడ పేరు అర్థం ఏడో అడుగులో వస్తుంది. దయచేసి వరస మార్చకండి, ముందు ఆరు అడుగులూ అయ్యాకే అక్కడికి రండి.

రెండు సాయంత్రాలు చాలు. బైబిల్లో నాలుగైదు చోట్ల మాత్రమే కనిపించే ఏ వ్యక్తికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మామూలుగా మీరు చదివే తెలుగు బైబిల్, దాంతోపాటు వాడుక భాషలో ఉన్న ఇంకో అనువాదం
- హీబ్రూ మాటలకు స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్లోని ఒక్కో మూలభాషా మాటకు ఇచ్చిన నిఘంటువు నంబర్లు) చూపించే బైబిల్ యాప్ ఏదైనా (హీబ్రూ అక్షరాలు రాకపోయినా పర్వాలేదు)
- ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు: వచనంలో ఉన్నది ఒక రంగుతో, మీరు ఊహించింది ఇంకో రంగుతో

ఆ రెండో పెన్ను తప్పనిసరి. వారం తర్వాత నోట్సు తెరిస్తే ఏది లేఖనమో, ఏది మన ఊహో మనకే గుర్తుండదు.

## 1. వచనాలన్నీ ఒకచోట రాసుకోండి

యాప్‌లో పేరు వెతికేటప్పుడు స్పెల్లింగ్‌తో ఇబ్బంది వస్తుంది. మెఫీబోషెతు, మెఫిబోషెతు, మెఫీబోషెత్ అని రకరకాలుగా రాస్తారు. "బోషెతు" అని సగం పేరే కొట్టి చూడండి, అన్నీ బయటికొస్తాయి.

మీకు రావాల్సిన జాబితా ఇది:

- 2 సమూయేలు 4:4: ఐదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పరిగెత్తుతుంటే పడిపోయి కాళ్లు దెబ్బతినడం
- 2 సమూయేలు 9వ అధ్యాయం మొత్తం: దావీదు పిలిపించడం
- 2 సమూయేలు 16:1-4: సీబా వచ్చి ఆరోపణ చేయడం
- 2 సమూయేలు 19:24-30: మెఫీబోషెతు స్వయంగా జవాబు చెప్పడం
- 2 సమూయేలు 21:7: దావీదు అతన్ని కాపాడటం
- 1 దినవృత్తాంతములు 8:34, 9:40: వంశావళిలో వేరే పేరుతో

పేరు లేకుండా అతని కథలో భాగమైన వచనాలు కూడా చేర్చండి. 1 సమూయేలు 20:14-17లో యోనాతాను ఇంటివాళ్ల మీద దయ చూపాలని దావీదు, యోనాతాను చేసుకున్న ఒప్పందం లేకపోతే తొమ్మిదో అధ్యాయం మనకు సగమే అర్థమవుతుంది. మనిషి పేరు మాత్రమే వెతికి ఆగిపోయేవాళ్లకు ఇది దొరకదు.

హీబ్రూ పాఠం పక్కన పెట్టి చూసేవాళ్లకు ఒక మాట. 2 సమూయేలు 19వ అధ్యాయంలో హీబ్రూ నంబర్లు మన తెలుగు బైబిల్ కంటే ఒకటి ఎక్కువ ఉంటాయి. మన 24వ వచనం అక్కడ 25. యాప్ తప్పు చూపిస్తోందని కంగారుపడకండి.

## 2. అదే పేరున్న ఇంకో మనిషిని వేరు చేయండి

2 సమూయేలు 21:7, 21:8 పక్కపక్కనే ఉన్నాయి, ఇద్దరి పేరూ మెఫీబోషెతే. ఏడో వచనంలో ఉన్నతను యోనాతాను కొడుకు, సౌలు మనవడు, దావీదు కాపాడాడు. ఎనిమిదో వచనంలో ఉన్నతను సౌలుకు రిస్పా కన్న కొడుకు, అర్మోనితో పాటు, సౌలు తమవాళ్లను చంపాడని బదులు అడిగిన గిబియోనీయుల చేతికి చావుకి అప్పగించబడ్డాడు. అంటే మన మెఫీబోషెతుకి వరసకు చిన్నాన్న.

ఇది నేను చేసిన తప్పు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఒక ఆదివారం హడావిడిగా చదువుకుని వెళ్లి, మెఫీబోషెతుని చివరికి గిబియోనీయులకి అప్పగించారని పిల్లలతో చెప్పేశాను. ఒక పాప లేచి "టీచర్, రాజు పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టి, తర్వాత చంపించేశాడా?" అని అడిగింది. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది. తర్వాతి వారం ఆ రెండు వచనాలూ పిల్లల చేతే చదివించి సరిచేశాను, కానీ ఆ వారం రోజులు వాళ్ల మనసులో దావీదు మాట తప్పినవాడిగానే ఉన్నాడు.

చేయాల్సింది సులువే. ప్రతి వచనం పక్కన తండ్రి పేరు రాయండి. తండ్రి పేరు లేని వచనమైతే ముందు వెనక పది వచనాలు చదివి రాయండి.

## 3. ఇంకో పుస్తకంలో వేరే పేరుతో ఉన్నాడేమో చూడండి

1 దినవృత్తాంతములు 8:34లో యోనాతాను కొడుకు పేరు మెరీబ్బయలు. ఇతని కొడుకు మీకా. 2 సమూయేలు 9:12లో మెఫీబోషెతు కొడుకు కూడా మీకాయే. తాత సౌలు, తండ్రి యోనాతాను, కొడుకు మీకా, మూడూ కలిశాయి కాబట్టి ఇద్దరూ ఒకరే.

రెండు పేర్లూ నోట్సులో పెద్దక్షరాలతో రాసుకోండి, ఏడో అడుగంతా దీని మీదే నడుస్తుంది. అర్థాల జోలికి మాత్రం ఇంకా వెళ్లొద్దు.

## 4. చుట్టూ ఉన్నవాళ్లను పట్టిక వేయండి

చిన్న వ్యక్తుల గురించి వచనాలు తక్కువ కాబట్టి, చుట్టుపక్కల వాళ్ల ద్వారానే ఎక్కువ తెలుస్తుంది.

- దాది: పేరు లేదు. పిల్లాడిని చంపేస్తారన్న భయంతో ఎత్తుకుని పరిగెత్తినట్టుంది. ఆమెను నిర్లక్ష్యం చేసినదానిగా చూపించకండి.
- మాకీరు: అమ్మీయేలు కొడుకు, లోదెబారులో ఉంటాడు. మెఫీబోషెతు ఇతని ఇంట్లోనే ఉన్నాడు.
- సీబా: సౌలు ఇంటి సేవకుడు. 15 మంది కొడుకులు, 20 మంది దాసులు ఉన్నవాడు (9:10).
- మీకా: చిన్న కొడుకు. సౌలు వంశం ఇతని ద్వారానే సాగింది, 1 దినవృత్తాంతములు 8:35-40 చదివితే విలుకాండ్ర దాకా వస్తుంది.

మాకీరు పేరు ఇంకెక్కడైనా ఉందేమో ఇప్పుడే వెతకండి. 2 సమూయేలు 17:27-29లో దొరుకుతుంది. దాని గురించి ఎనిమిదో అడుగులో మాట్లాడుకుందాం, చాలా ముఖ్యం.

## 5. వయసు లెక్క వేయండి

గిల్బోవ యుద్ధంలో సౌలు, యోనాతాను చనిపోయిన వార్త వచ్చినప్పుడు పిల్లాడికి ఐదేళ్లు. దావీదు హెబ్రోనులో ఏడున్నర సంవత్సరాలు ఏలి, తర్వాత యెరూషలేములో 33 సంవత్సరాలు ఏలాడు (5:5). అంటే దావీదు యెరూషలేముకి వచ్చేసరికి ఇతనికి సుమారు 12, 13 ఏళ్లు. కానీ తొమ్మిదో అధ్యాయంలో ఇతనికి ఒక చిన్న కొడుకున్నాడు. కాబట్టి రాజు పిలిపించేనాటికి పెళ్లై బిడ్డ ఉన్న యువకుడు, ఇరవై ఏళ్లో అంతకంటే ఎక్కువో.

సండే స్కూల్ చార్టుల్లో ఏడెనిమిదేళ్ల పిల్లాడు రాజు ఒళ్లో కూర్చున్నట్టు బొమ్మ వేస్తారు కదా, అది ఈ లెక్కకు నిలవదు. ఐదేళ్ల పిల్లాడిగా పడిపోయి, మరో ఇల్లు ఆసరాగా పెరిగి పెద్దవాడై, తండ్రి కూడా అయ్యాక ఒకరోజు రాజభటులు తలుపు తడితే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. 9:7లో దావీదు మొట్టమొదట "భయపడకు" అని ఎందుకన్నాడో అప్పుడు తెలుస్తుంది.

కచ్చితమైన వయసు మాత్రం రాయకండి. "ఇరవై దాటి ఉండొచ్చు" అని రెండో రంగు పెన్నుతో రాయండి.

## 6. జీవితాన్ని వరసలో పెట్టి, తేలని చోట తేలనట్టే వదిలేయండి

వరస ఇలా వస్తుంది: పుట్టడం, ఐదేళ్లకు పడిపోవడం, లోదెబారు, రాజు పిలుపు, సౌలు భూమంతా తిరిగి రావడం, రాజు బల్ల దగ్గర భోజనం, దావీదు మీద కొడుకు అబ్షాలోము తిరుగుబాటు, సీబా ఆరోపణ, రాజు తిరిగొచ్చాక సంజాయిషీ, భూమి పంపకం.

21వ అధ్యాయాన్ని చివర్లో గుడ్డిగా పెట్టేయకండి. 2 సమూయేలు 21 నుంచి 24 దాకా ఉన్న అధ్యాయాలు కాలక్రమంలో ఉన్నవి కావని చాలామంది పండితులంటారు. 19:28లో మెఫీబోషెతే "నా తండ్రి ఇంటివాళ్లందరూ నీ దృష్టికి చచ్చినవాళ్లే" అన్న భావంతో మాట్లాడతాడు, గిబియోనీయుల సంగతి అప్పటికే జరిగిపోయిందేమో అనిపిస్తుంది. నోట్సులో దాన్ని పక్కన విడిగా రాసి "ఎప్పుడో తెలియదు" అని పెట్టండి.

ఇక సీబా. దావీదు యెరూషలేము వదిలి పారిపోతుంటే రెండు గాడిదలు, 200 రొట్టెలు, 100 ఎండుద్రాక్ష గెలలు, వేసవి పండ్లు, ద్రాక్షారసపు తిత్తి తీసుకొచ్చి, "మా యజమాని రాజ్యం తనకే వస్తుందని యెరూషలేములో కూర్చున్నాడు" అని చెబుతాడు. దావీదు అక్కడికక్కడే ఆస్తి మొత్తం సీబాకి రాసిచ్చేశాడు. తర్వాత మెఫీబోషెతు వచ్చి, గాడిదకు జీను కట్టమంటే వీడే మోసం చేశాడు అంటాడు. రాజు విసిగినట్టుగా "భూమి ఇద్దరూ పంచుకోండి" అంటాడు.

ఎవరు నిజం చెప్పారో దావీదు తేల్చలేదు. కథ రాసినవాడు మాత్రం 19:24లో ఒక ఆధారం పెట్టాడు: రాజు వెళ్లిన రోజు నుంచి తిరిగొచ్చేదాకా మెఫీబోషెతు కాళ్ల సంగతి చూసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతుక్కోలేదు. సింహాసనం మీద కన్నేసినవాడు అలా ఉంటాడా? నా మటుకు నేను మెఫీబోషెతు మాటే నమ్ముతాను. 30వ వచనంలో "అతన్నే అంతా తీసుకోనివ్వండి, మీరు క్షేమంగా వచ్చారు చాలు" అన్నది కూడా అందుకే నమ్మకంగా వినిపిస్తుంది. అయినా పాఠం చెప్పేటప్పుడు ఇది నా అభిప్రాయమని చెప్పే చెబుతాను. మీరూ అలాగే చేయండి.

## 7. ఇప్పుడు పేరు అర్థం

ముందు తెలుగు తోక తీసేయండి. తెలుగు బైబిల్లో హీబ్రూ పేర్ల చివర ఉకారం చేరుతుంది. బోషెతు అంటే బోషెత్, బయలు అంటే బయల్. తీయకపోతే "బయలు" అనగానే మనకు బయలు ప్రదేశమో, బయలుదేరడమో గుర్తొస్తుంది, ఆ తెలుగు మాటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

తర్వాత పేరును రెండు ముక్కలు చేయండి.

మెరీబ్ + బయల్. "రీబ్" అనే ధాతువుకి వాదించడం, వ్యాజ్యెమాడటం అని అర్థం. నిర్గమకాండము 17:7లో జనం గొడవపడ్డ చోటికి మెరీబా అని పేరొచ్చింది కదా, అదే ధాతువు. బయల్ అంటే యజమాని, ప్రభువు, భర్త. మొత్తం కలిపితే "బయలు వాదిస్తాడు" అనో "బయలుతో వాదించేవాడు" అనో వస్తుంది.

మెఫీ + బోషెత్. బోషెత్ (స్ట్రాంగ్స్ 1322) అంటే సిగ్గు, అవమానం. ఇందులో సందేహం లేదు. మెఫీ దగ్గరే తేడాలున్నాయి: "నోటినుండి" అనే మాటగా చదివితే "అవమానపు నోటినుండి" అవుతుంది, చెదరగొట్టడం అనే ధాతువు నుంచి తీసుకుంటే "అవమానాన్ని చెదరగొట్టేవాడు" అవుతుంది. స్ట్రాంగ్స్ 4648 దగ్గర మీకు రెండోది కనిపిస్తుంది, దాన్నే ఖాయమనుకోకండి.

బయల్ ఉన్నచోట బోషెత్ ఎందుకొచ్చింది? ఇది ఒక్కడి పేరులో జరిగిన మార్పు కాదు, ఈ జతలు చూడండి:

- ఎష్బయలు (1 దినవృత్తాంతములు 8:33), ఇష్బోషెతు (2 సమూయేలు 2:8): సౌలు కొడుకు
- మెరీబ్బయలు, మెఫీబోషెతు: సౌలు మనవడు
- యెరుబ్బయలు (న్యాయాధిపతులు 6:32), యెరుబ్బెషెతు (2 సమూయేలు 11:21): గిద్యోను

మూడు చోట్లా బయల్ తీసి "సిగ్గు" పెట్టారు. ఎక్కువమంది పండితుల లెక్క ప్రకారం, పాతరోజుల్లో బయల్ అన్నది "ప్రభువు" అనే మామూలు మాటగా కూడా ఉండేది, తర్వాత అది విగ్రహం పేరుగా స్థిరపడ్డాక, రాసేవాళ్లు ఆ మాట పలకడానికి ఇష్టపడక మార్చారు. హోషేయ 2:16-17లో ఇక నన్ను "బయలు" అని పిలవొద్దని దేవుడే అంటాడు. యిర్మీయా 11:13లో బోషెత్‌నీ బయల్‌నీ పక్కపక్కన ఒకే అర్థంలో వాడారు. దావీదు దగ్గరికొచ్చిన వీరుల్లో బెయల్యా అనేవాడున్నాడు (1 దినవృత్తాంతములు 12:5), ఆ పేరుకి "యెహోవాయే ప్రభువు" అని అర్థం, అందులో ప్రభువు అన్నచోట ఉన్నది బయల్ అనే మాటే.

ఇజ్రాయెల్‌లో ఏలా లోయ పక్కన ఖిర్బెత్ కెయాఫా అనే చోట తవ్వకాల్లో సుమారు 3000 ఏళ్లనాటి కుండ ముక్కలు దొరికాయి, వాటి మీద "బెదా కొడుకు ఎష్బయల్" అని రాసి ఉందని 2015లో ప్రకటించారు. ఇతను సౌలు కొడుకు కాదు, తండ్రి పేరు వేరు. కానీ అలాంటి పేర్లు ఆ కాలంలో నిజంగానే పెట్టుకునేవారని దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. "కాళ్లు పోయాయి కాబట్టి అవమానం అనే పేరొచ్చింది" అని చెప్పే ప్రసంగాలు మీరు వినే ఉంటారు. ఆ వివరణ నిలబడదు. తల్లిదండ్రులు పుట్టినప్పుడు పెట్టిన పేరు మెరీబ్బయలు అయ్యుండాలి, పడిపోయింది ఐదేళ్లకు, బోషెత్ చేరింది రాతలో, చాలాకాలం తర్వాత. ఆ మాట బయల్ మీద పడిన మచ్చ. కాళ్లు సరిగ్గా లేని ఒక మనిషి మీద దాన్ని రుద్దితే, మన సంఘంలో అలాంటి బిడ్డ ఉన్న తల్లి ఆ ప్రసంగం వింటూ ఏమనుకుంటుందో ఆలోచించండి.

పాఠంలో ఈ రెండు వాక్యాలు వాడుకోండి: "ఇతని మొదటి పేరు మెరీబ్బయలు, అందులో వాదించడం అనే మాట ఉంది. తర్వాత రాసినవాళ్లు బయలు అనే పేరుకి బదులు సిగ్గు అని అర్థమొచ్చే బోషెత్ పెట్టారు."

## 8. ఊరి పేరుకి కూడా అదే పరీక్ష పెట్టండి

"లోదెబారు అంటే గడ్డి మొలవని ఎడారి, ఏమీ లేని చోటు" అని చాలా చోట్ల చెబుతారు. "లో" అంటే లేదు, "దెబార్" అంటే మాట లేదా వస్తువు (మేత అని కూడా అంటారు) అని విడదీస్తారు. కానీ హీబ్రూలో 9:4-5 దగ్గర ఆ "లో" ఒకలా, 17:27 దగ్గర ఇంకోలా రాసి ఉంది. మొదటిచోట వావ్ అక్షరం, రెండోచోట ఆలెఫ్. "లేదు" అనే మాటకు మామూలుగా ఆలెఫ్ వాడతారు. తెలుగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మనకు తెలియదు.

అంతకంటే పెద్ద ఆధారం 17:27-29. అదే లోదెబారు నుంచి అదే మాకీరు, మరో ఇద్దరితో కలిసి, అబ్షాలోము నుంచి పారిపోయి మహనయీము అనే ఊళ్లో ఆకలితో ఉన్న దావీదు మనుషులకి పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, చిక్కుళ్లు, తేనె, వెన్న, గొర్రెలు తెచ్చి పెట్టాడు. ఏమీ మొలవని ఊరివాడు ఇన్ని తేగలడా? మెఫీబోషెతు ఉన్నది యొర్దాను అవతల గిలాదు వైపు, ఒక ఉన్నవాళ్ల ఇంట్లో. అక్కడ అతనికి తిండి లేకపోవడం కంటే, సౌలు మనవడిగా బయటపడితే ప్రాణం పోతుందన్న భయమే పెద్దది అయ్యుంటుంది. ఈ చివరి వాక్యం రెండో రంగు పెన్నుతో రాసుకోండి.

## 9. ముఖ్యమైన మాటను మిగతా చోట్ల ఎలా అనువదించారో చూడండి

9వ అధ్యాయంలో దావీదు సౌలు ఇంటివాళ్లకి "ఉపకారము" చూపాలంటాడు. అక్కడ హీబ్రూలో ఉన్నది హెసెద్ (స్ట్రాంగ్స్ 2617). 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు పాడతామే, ఆ కృప కూడా హెసెదే. 1 సమూయేలు 20లో యోనాతాను అడిగిందీ అదే. ఉపకారం అంటే మనకు జాలిపడి చేసే సాయంలా అనిపిస్తుంది. హెసెద్‌లో మాటకు కట్టుబడి ఉండటం ఉంది. దావీదు చేసింది చనిపోయిన స్నేహితుడికిచ్చిన మాట నిలబెట్టుకోవడం.

పాత అనువాదంలో "కుంటివాడు" అని ఉంటుంది. వచనం చదివేటప్పుడు ఉన్నదున్నట్టు చదవండి, మీ సొంత మాటల్లో మాత్రం "కాళ్లు దెబ్బతిన్న మనిషి" అనండి.

## 10. పాఠం చెప్పేముందు సరిచూసుకోండి

- ప్రతి వచనం పక్కన తండ్రి పేరు ఉందా?
- 21:8లో ఉన్నతన్ని వేరుగా పెట్టారా?
- రాజు పిలిచేనాటికి అతను పెద్దవాడని చెబుతున్నారా?
- సీబా విషయంలో మీ అభిప్రాయాన్ని అభిప్రాయంగానే చెప్పారా?
- పేరు అర్థాన్ని కాళ్లకు ముడిపెట్టే వాక్యం ఎక్కడైనా మిగిలిపోయిందా? ఉంటే కొట్టేయండి.
- లోదెబారుని ఎడారి అన్నారా? 17:27 మళ్లీ చదవండి.

పిల్లలకైతే ఇరవై నిమిషాల్లో ఇంత చెప్పలేరు. యోనాతాను ఒప్పందం, దాది పరుగు, రాజు పిలుపు, ఈ మూడే చెప్పండి. పేరు సంగతి పెద్ద క్లాసుకి ఉంచండి.

ఈ కథ నచ్చి బాబుకి ఇందులోంచి పేరు పెట్టాలని అడిగినవాళ్లున్నారు. యోనాతాను అంటే "యెహోవా ఇచ్చాడు". మీకా అంటే "యెహోవా వంటివాడు ఎవడు" అనే పేరుకి పొట్టి రూపం. రెండూ పిలవడానికి తేలికే, నేనైతే మీకా అంటాను.

ఈ పద్ధతి చేతికి అలవాటు కావాలంటే తర్వాత యబ్బేజుని తీసుకోండి. 1 దినవృత్తాంతములు 4:9-10, అతని కథంతా ఆ రెండు వచనాలే. తల్లి వేదన పడి కన్నానని ఆ పేరు పెట్టింది, కానీ హీబ్రూలో వేదన అనే మాటలో ఉన్న అక్షరాలు ఆ పేరులో అటూ ఇటూ మారి ఉన్నాయి. ఎక్కడ మారాయో వెతకండి, దానికి ముందు మొదటి ఆరు అడుగులూ పూర్తి చేయండి.